తాళం తీసిన అమ్మాయి

కీర్తిప్రియకు జామీను ఉండటానికి రొయ్యల రైతు సుబ్బరామరాజు గారు పొద్దున్నే భీమవరం పోలీస్ స్టేషన్‌కి వచ్చారు.

రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లు నడిచేది సాఫ్ట్‌వేర్‌తో. దానికి వాటిని తయారుచేసే కంపెనీ తాళం వేసింది. బయటి మెకానిక్ చెయ్యి పెడితే మిషను ఆగిపోతుంది. ఆ తాళాన్ని తీసే ప్రోగ్రామ్ రాసి, అడిగిన రైతులందరికీ ఊరికే ఇచ్చింది కీర్తిప్రియ. కంపెనీ ఆమె మీద కాపీరైట్ కేసు పెట్టింది.

"ఈ పిల్ల దొంగేంటండీ?" అన్నారు రాజు గారు ఎస్సైతో. "పోయిన వేసవిలో మిషను పాడైతే, కంపెనీ మనిషి వచ్చేలోపు మా చెరువులో రొయ్యలన్నీ చచ్చి తేలాయి. ఈసారి పంట ఈ అమ్మాయి వల్లే దక్కింది."

ఎస్సై ఆమె వైపు తిరిగాడు. "పెద్ద పెద్ద ఇంజనీర్లకే లొంగలేదంట. ఒక్క పూటలో ఎలా తీశావమ్మా?"

ఆమె తల దించుకుంది. "ఆ కంపెనీలో పనిచేసేటప్పుడు ఆ తాళం రాసింది నేనేనండి. రాజు గారి చెరువు పోయిందని తెలిశాక ఉద్యోగం మానేశాను."

రాజు గారి చేతిలో పెన్ను ఆగిపోయింది. తర్వాత సంతకం పెట్టి, కాగితం ఎస్సై ముందుకి జరిపారు.

బయటికొచ్చాక "బాబాయ్ గారూ..." అంటూ ఆమె ఏదో చెప్పబోయింది. ఆయన వినిపించుకోకుండా బండి దాకా నడిచి, అక్కడ ఆగారు.

"తీసినందుకు కేసు పెట్టారు, నేను జామీను ఉన్నాను. వేసినందుకు నిన్నేం చెయ్యాలో నాకు తెలియట్లేదమ్మా."