మీటరులో చెమ్మ

ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చిన వరద ఏడాది అది. వరద తీసింది గానీ వానలు తీయలేదు. కాలవ గట్టు మీద పల్లంరాజు మెకానిక్ షాపులో గోడలు కూడా చెమ్మగానే ఉన్నాయి.

సుధాకర్ ఆ షాపుకు మొదటిసారి వచ్చింది ఒక ఆదివారం. వెనక సీటు మీద భార్య వీరవేణి. బండి ఆమెదే. రాజమండ్రిలో ఒక కంటి ఆసుపత్రిలో చీటీలు రాసే ఉద్యోగానికి రోజూ దాని మీదే వెళ్తుంది.

"సర్వీసు చేయండి. మీటరు జోలికి మాత్రం వెళ్ళకండి" అన్నాడు సుధాకర్.

మీటరు కేబులు నట్టు మీద ఎర్రటి గోళ్ళరంగు చుక్క ఉంది. పల్లంరాజు దాని వంక చూశాడు.

"నేనే పెట్టానండి. ఎవరు విప్పినా రంగు చిట్లిపోద్ది. నాకు తెలిసిపోద్ది. ఇంటి నుంచి ఆసుపత్రికి తొమ్మిది కిలోమీటర్లు. రాను తొమ్మిది. రోజుకి పద్దెనిమిది. ఈవిడ డ్యూటీ రెండింటికి అయిపోద్ది. నేను ఇంటికొచ్చేసరికి ఆరు. ఆ మధ్యలో ఎక్కడ తిరిగిందో నాకెవరు చెప్తారు? ఫోను అబద్ధం చెప్పుద్ది. మీటరు చెప్పదు."

"ఎక్కువ తిరిగితే?"

అడిగాడు పల్లంరాజు.

"తిరిగింది ఒకసారి. నలభై రెండు ఎక్కువ చూపించింది. కోరుకొండలో వాళ్ళమ్మ మంచాన పడిందంట. వాళ్ళ తమ్ముడు నన్ను పదిమందిలో అవమానించాడండి. ఆ గుమ్మం తొక్కొద్దని చెప్పాను. చెప్పాక కూడా వెళ్ళింది. చెప్పాల్సినట్టు మళ్ళీ చెప్పాను."

వీరవేణి చున్నీని ఎడమ చెంప మీదికి లాక్కుంది. పల్లంరాజు తల దించుకుని ప్లగ్గు విప్పాడు.

వారం తిరక్కుండా మీటరులో ఆవిరి పట్టింది. అద్దం లోపలంతా తెల్లటి మంచు. ముల్లు కనబడదు. అంకెలు కనబడవు.

సుధాకర్ మండిపడుతూ వచ్చాడు. ఆ మోడల్‌కి కొత్త మీటరు రావడం లేదన్నారు షోరూం వాళ్ళు. పాతది విప్పి మళ్ళీ అతికించే పనివాడు ఆ చుట్టుపక్కల పల్లంరాజు ఒక్కడే. రంగు చుక్కను సుధాకరే గీకేశాడు. దుమ్ము పడకూడదని పల్లంరాజు మీటరును లోపలి గదిలోకి తీసుకెళ్ళాడు. జుట్టు ఆరబెట్టుకునే మిషన్‌తో లోపలి తడి ఆరబెట్టాడు. అద్దం చుట్టూ కొత్త రబ్బరు వేశాడు, గమ్ము రాశాడు. మందు సీసాల్లో వచ్చే తెల్ల గుళికల పొట్లం ఒకటి లోపల పెట్టాడు. అరగంట తర్వాత తెచ్చి బిగిస్తే అద్దం కడిగిన గ్లాసులా ఉంది.

సుధాకర్ ముందు అంకెలు చూశాడు. పెదాలు కదుపుతూ లెక్క వేసుకున్నాడు. ఆరు రోజులకి నూట ఎనిమిది. సరిపోయింది. నట్టు మీద కొత్త చుక్క పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మంగళవారానికి మళ్ళీ ఆవిరి.

ఆదివారం విప్పారు. లెక్క సరిపోయింది. బుధవారానికి మళ్ళీ ఆవిరి.

నాలుగో ఆదివారం సుధాకర్ బండికి స్టాండు వేయకుండానే మొదలుపెట్టాడు.

"ఏంటయ్యా ఇది? గమ్ము రాశావా, గంజి రాశావా?"

"గోదారి గాలి బాబూ. చెమ్మెక్కువ."

"ఆ గాలి నా బండికేనా తగిలేది? ఊళ్ళో బళ్ళన్నిటికీ మీటర్లు కనబడుతున్నాయి. నా పెళ్ళాం లెక్క సరిగ్గానే ఉంది. నీ పనే సరిగ్గా లేదు!"

టీ కొట్టు దగ్గర జనం ఇటు తిరిగారు. సుధాకర్‌కి అది చాలింది. పనిముట్ల పళ్ళేన్ని కాలితో తన్నాడు. స్పానర్లు ఎగిరి బురదలో పడ్డాయి.

"నలభై ఏళ్ళ అనుభవమని బోర్డొకటి! మూడో క్లాసుతో మానేసినోడి చేతికి మీటరు ఇవ్వడం నాది బుద్ధి తక్కువ. చేతకాకపోతే షట్టరు దించేసి కాలవలో చేపలు పట్టుకో!"

ఎవరో నవ్వారు. సర్వీసుకు వచ్చిన ఒకాయన తన బండిని నెమ్మదిగా తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

వీరవేణి కూడా గొంతు పెంచింది.

"అవును బాబాయ్ గారూ. ఈసారైనా గట్టిగా బిగించండి. మీ మూలంగా ఇంట్లో నేను మాటలు పడుతున్నాను."

"విన్నావా?" అన్నాడు సుధాకర్.

పల్లంరాజు విన్నాడు. ముఖం నల్లబడింది. నలభై ఏళ్ళలో ఆయన చేసిన పనిని ఎవరూ వెనక్కి తేలేదు. బురదలోంచి స్పానర్లు ఒక్కొక్కటే ఏరుకుని, పంచె అంచుతో తుడుచుకున్నాడు. మీటరు తీసుకుని లోపలికి వెళ్ళాడు. అరగంటకి తెచ్చి బిగించాడు.

సుధాకర్ అంకెలు చూశాడు. నూట ఎనిమిది. చుక్క పెట్టాడు.

"మళ్ళీ ఆవిరి పట్టిందో, ఈ షాపుకి ఒక్క బండి రాకుండా చేస్తాను. గుర్తుపెట్టుకో."

"గుర్తుంటుంది బాబూ" అన్నాడు పల్లంరాజు.

మర్నాడు పొద్దున ఆసుపత్రికి వెళ్తూ వీరవేణి ఎప్పటిలాగే షాపు ముందు బండి ఆపితే, పల్లంరాజు ఇంజెక్షన్ సిరంజి తీసి, మీటరు అడుగునున్న గాలి బెజ్జంలోకి రెండు చుక్కల నీళ్ళు ఎక్కించి, "మీ అమ్మని చూసి రా తల్లీ, ఆ నలభై రెండూ ఆదివారం నేను వెనక్కి తిప్పుతాను" అన్నాడు.