రికార్డు గది ముందు

"తాళంచెవి ఇవ్వు ముసలోడా!"

లైబ్రరీ అటెండర్ రికార్డు గది తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు. లేవలేదు.

"వాడు లోపలే ఉన్నాడని తెలుసు. మర్యాదగా ఇస్తావా, నాలుగు తగిలించమంటావా?" అన్నాడు లీడర్.

వెనక పన్నెండు మంది. అందరి ముఖాలకూ లీడర్‌కున్నట్టే చేతిరుమాళ్ళు, అందరి చేతుల్లోనూ విరగ్గొట్టిన కుర్చీల కాళ్ళు. చదువు తప్ప అన్నిటికీ ముందుండే బ్యాచ్ అది. లీడరైతే క్లాసు గడప తొక్కి రెండేళ్ళు దాటింది.

పొద్దున క్యాంటీన్‌లో బయటి ఊరి కుర్రాడొకడు వీళ్ళ బల్ల దగ్గర కూర్చున్నాడు. లేవమంటే ఎందుకన్నాడు. అదీ వాడు చేసిన నేరం. మధ్యాహ్నానికల్లా బయటోళ్ళందరినీ తరిమేయాలని కేకలు మొదలయ్యాయి. తల పగిలిన కుర్రాడు లైబ్రరీలోకి పరిగెత్తుకొస్తే, అటెండర్ వాణ్ణి రికార్డు గదిలోకి తోసి తాళం వేశాడు.

"వాడు నీకేమన్నా చుట్టమా?"

"లైబ్రరీకి వచ్చినోళ్ళంతా నాకు చుట్టాలే బాబూ."

మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది మోకాలి మీద. అటెండర్ పక్కకు ఒరిగాడు గానీ తలుపు వదల్లేదు.

"జేబులు వెతకండ్రా!"

కళ్ళజోడు, అరిగిపోయిన పెన్సిల్ ముక్క దొరికాయి.

"తాళంచెవి ఏదిరా?"

"కిటికీలోంచి విసిరేశా. తుప్పల్లో ఉంటుంది, వెతుక్కోండి."

లీడర్‌కు ఒళ్ళు మండిపోయింది.

"ఏ చేత్తో విసిరావ్?"

అటెండర్ రెండు చేతులూ ఒళ్ళోకి లాక్కున్నాడు.

"రెండూ పట్టుకోండ్రా."

నలుగురు కలిసి ఆ చేతుల్ని నేలకు అదిమిపెట్టారు. అంతసేపూ బతిమాలని మనిషి అప్పుడు బతిమాలాడు.

"చేతులొద్దు బాబూ. కాళ్ళు విరగ్గొట్టుకో, నీ ఇష్టం. చేతులు మాత్రం వద్దు. నీకు దణ్ణం పెడతా."

కుర్చీ కాలు లేచింది, పడింది. మళ్ళీ లేచింది. వేళ్ళు విరుగుతున్న చప్పుడుకి బ్యాచ్‌లో ఒకడు గోడవైపు తిరిగి వాంతి చేసుకున్నాడు. లీడర్ ఆపలేదు. మనిషి పుట్టుక పుట్టినవాడు చేసే పని కాదది. పోలీసు జీపు సైరన్ వినపడ్డాకే అందరూ తలోదిక్కుకు పారిపోయారు.

తలుపు బద్దలుకొట్టి తీస్తే కుర్రాడు ప్రాణాలతో ఉన్నాడు.

వారం తిరిగేసరికి ఆడిటోరియంలో సభ. ఎవరినీ వేరుగా చూడకుండా అందరినీ కలుపుకుపోయే ఉద్యోగికి యూనివర్సిటీ ఏటా ఇచ్చే అవార్డు అది. పేర్లు పంపేది విద్యార్థులే. లీడర్‌ను వాడి చెల్లెలు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టింది. అదే యూనివర్సిటీలో చదువుతున్న, పుట్టుకతోనే వినపడని పిల్ల. ఆ పిల్లంటే వాడికి ప్రాణం.

వేదిక మీదకు అటెండర్ వచ్చాడు. రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లు. జ్ఞాపిక అందుకోలేకపోతే రిజిస్ట్రారే దాన్ని ఆయన ముందు బల్ల మీద పెట్టాడు.

"కొట్టినవాళ్ళ ముఖాలు ఈయన చూడలేదట. వేళ్ళు మాత్రం ఇక వంగవని డాక్టర్లు చెప్పేశారు," అన్నాడు రిజిస్ట్రార్ మైకులో.

లీడర్ గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. బతికిపోయాననుకున్నాడు.

పక్కకు చూస్తే చెల్లెలు ఆ కట్ల వైపే చూస్తూ వెక్కివెక్కి ఏడుస్తోంది.

"ఎందుకే అంత ఏడుపు? ఆయన నీకేమవుతాడు?" సైగ చేశాడు లీడర్.

చెల్లెలు కళ్ళు తుడుచుకుని, సైగలతోనే జవాబిచ్చింది.

"ఈ మూడేళ్ళూ క్లాసులో నా ఎదురుగా నిలబడి, మాస్టార్లు చెప్పే ప్రతి మాటా నాకు సైగల్లో చెప్పింది ఈయనే, అన్నయ్యా."