ఎక్కిళ్ళకు ఒక అబద్ధం

నా వెనక నిలబడి మా అత్తగారు స్టీలు బిందె దబ్బున పడేశారు. బిందె సొట్టపోయింది గానీ నా ఎక్కిళ్ళు ఆగలేదు.

మోకాలికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకున్న సాయంత్రం మొదలయ్యాయి. అప్పట్నుంచి తిండి లేదు, నిద్ర లేదు. "అవే పోతాయమ్మా" అన్నారు డాక్టరుగారు. ఎక్కిళ్ళు ఆయనవి కావుగా.

హడలగొడితే ఆగుతాయని ఇంట్లో పోటీలు పడుతున్నారు. "నీ మెళ్ళో గొలుసేదీ?" అన్నారు అత్తగారు. ఆవిడ చెల్లెలు నెల్లాళ్ళు ఉండటానికి వస్తోందని మా ఆయన బెదిరించారు. దానికి మాత్రం కాసేపు ఆగాయి.

"ఇంక నావల్ల కాదు" అని ఏడుస్తూ మంచం మీద కూలబడ్డాను.

అప్పుడే మా ఆయన చాట్రాయిలోని మా మామిడితోట నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"తెల్లారుజామున గాలొచ్చింది. కాయంతా రాలిపోయింది."

"ఇది పాత... హిక్... ఎత్తు. ఇంకోటి చెప్పండి."

ఆయన తువ్వాలు మూట విప్పారు. టెంకైనా ముదరని మామిడికాయలు దుప్పటి మీద దొర్లాయి. తొడిమల దగ్గర సొన ఇంకా ఆరలేదు.

ఒక కాయ చేతిలోకి తీసుకున్నాను. ఎక్కిలి రాలేదు. మళ్ళీ రాలేదు.

"ఆగాయిరా ప్రేమ్!" వంటింట్లోంచి అత్తగారి సంబరం. "అబద్ధమంటే అలా ఉండాలి. ఇది నిన్ననే చెబితే పోయేదిగా. అన్నం పెడుతున్నా, ఇద్దరూ రండి."

ఆయన నోరు తెరవబోయారు.

నేను కాయల మీద దుప్పటి కప్పేశాను.

"ముందు ఆవిణ్ణి భోంచెయ్యనివ్వండి."