కడగని డ్రైవు

కూతురు తనను అమ్మా అని పిలవడం మరిచిపోతుందేమోనన్నదే నవనీత భయమంతా. ఈ కాలపు పిల్లల జ్ఞాపకాలన్నీ మొలతాడుకు కట్టిన హార్డ్ డ్రైవులోనే ఉంటాయి. అది నిండితే పాతవి ఒక్కొక్కటే చెరిగిపోతాయి. నాలుగేళ్ల లాస్యది నిండిపోయింది. పొద్దున అమ్మమ్మ ఫొటో చూసి "ఈమె ఎవరు?" అంది.

నవనీత ఇంకో డ్రైవు కోసం పాత సామాన్ల సంతకు పరుగెత్తింది.

"కడిగిందైతే పిరం అక్కా. లోపలిది చెరపకుండా అయితే సగానికిస్త. ఇంటికి పోయి నువ్వే కడుక్కో," అన్నాడు అమ్మేవాడు.

"సగమా? ఇంకింత తగ్గియ్యవా తమ్మీ, బిడ్డ బతుకు."

"నీ నోటికో దండం తల్లీ, తీస్కపో!"

ఇంటికొచ్చి కంప్యూటర్‌కు తగిలించగానే డ్రైవులోంచి పసిగొంతు పలికింది. "అమ్మా, నీ మేఘనకు జడ వెయ్యవా?"

చెరిపే మీట మీద నవనీత వేలు ఆగిపోయింది. చెరిపితే ఆ పిల్లకు ఇవి మళ్లీ రావు. అంతలో లాస్య వచ్చి ఆమె ముఖంలోకి చూస్తూ, ఏమని పిలవాలో తెలియక తడుముకుంటూ నిలబడింది.

నవనీత కళ్లు గట్టిగా మూసుకుని మీట నొక్కేసింది.

మీ వీధిలో మేఘన అనే పాప ఉంటే, దయచేసి ఒక్కసారి వెళ్లి చూడండి, తల్లి దగ్గరికి పోతోందో లేదో.