చెవిబిళ్లలు తీసిన సాయంత్రం

విశాఖలో అందరికీ చెవుల్లో పెట్టుకునే చెవిబిళ్లలు వచ్చి చాలా ఏళ్లయింది. కుక్కర్ కూత, బస్సు హారన్, ఇంట్లో గొడవ, ఏ చప్పుడైనా వాటిలోంచి మధురమైన సంగీతంలా వినిపించేది. చెల్లో అనే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం వాయించే హైమవతి మాత్రం వాటిని పెట్టుకోలేదు. అందుకేనేమో, ఎప్పుడూ అలసిపోయి ఉండేది.

ఆ సాయంత్రం ఆమె, తోటి వాద్యకారులు ముగ్గురు ఇరవయ్యో శతాబ్దపు గ్రీకు స్వరకర్త ఒకాయన రచనను సాధన చేస్తున్నారు. ఆయన కావాలనే కరుకుగా రాసిన సంగీతం అది. చెవిబిళ్లలు పెట్టుకున్న ఆ ముగ్గురూ హాయిగా తలలూపుతూ, శ్రుతి తప్పుతూ వాయిస్తున్నారు. హైమవతి కమాను దించేసింది.

"ఇంక నా వల్ల కాదు బాబూ. ఆ బిళ్లలు తీసి వాయించండి, లేదంటే నేను మానేస్తాను."

అయిష్టంగానే తీశారు. మళ్లీ మొదలుపెట్టగానే స్వరాలు ఒకదాన్నొకటి ఒరుసుకుని గది గీపెట్టినట్టయింది. రెండో వయొలిన్ వాయించే శరభయ్య ఉన్నట్టుండి వెక్కివెక్కి ఏడ్చాడు. ఆయన భార్య వేసవిలో పోయింది.

"ఆపేద్దామా అండీ?" అంది హైమవతి.

"వద్దమ్మా. ఆవిడ పోయిన రోజు నేనేడుస్తుంటే, ఈ బిళ్లల్లోంచి అది నాకే జోలపాటలా వినిపించింది. నా ఏడుపు నాకు ఇవాళ వినపడుతోంది. వాయించు."

చేతులు పీకుతున్నా హైమవతి వాయించింది. ఆయన వెక్కిళ్లు సద్దుమణిగేదాకా ఎవరూ ఆపలేదు.