సగం దగ్గర ఆగిన ముల్లు

ఊరు దాటి మూడు మైళ్లు రాకముందే, నల్లమాడ రోడ్డు మీద పికప్పు వ్యాను రెండుసార్లు ఎగిరిపడి ఆగిపోయింది. పెట్రోలు ముల్లు మాత్రం ట్యాంకు సగం నిండి ఉన్నట్టే చూపిస్తోంది.

ఎర్రప్ప దిగి బండి వెనక్కి పరుగెత్తాడు. ఆ చెడిపోయిన ముల్లును నమ్మలేక ఎప్పుడూ ఒక డబ్బా పెట్రోలు వెంట ఉంచుకుంటాడు. ఇవాళ అది లేదు.

"డబ్బా మరిచినానే!" అని తల కొట్టుకున్నాడు.

ముందు సీట్లో అతని భార్య సుంకమ్మ గుడ్డల మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "'మీ నాయనింటికి పో' అంటివి. ఆడిదాకా చేర్చేది గూడా చేతగాదా?"

"కోపంలో అంటి. నువ్వు మూట కట్టేస్తివి."

అతను బానెట్టు ఎత్తాడు, మూశాడు. ఎండలో రోడ్డు మీద అటూ ఇటూ తిరిగాడు. ఆమెను దించి ఒక్కడే తిరిగి రావడం తలచుకుంటే కాలు ఒకచోట నిలవడం లేదు.

దూరంగా దుమ్ము లేపుకుంటూ, సుంకమ్మ పుట్టిన ఊరు నల్లమాడకు పోయే బస్సు వస్తోంది.

"ఆపేదా?" అన్నాడు.

సుంకమ్మ అతని వైపే చూసింది. బస్సు దగ్గరికొచ్చింది, దాటిపోయింది. ఎర్రప్ప చెయ్యి లేవలేదు.

"ఆపకపోతివే?"

"మనసు రాలేదు మే."

సుంకమ్మ మూటతో కిందికి దిగింది. నడిచే పోతుందేమో అనుకున్నాడు అతను. ఆమె మాత్రం ఊరివైపు తిరిగింది.

"పా, ఇంటికి పోదాం. డబ్బా నువ్వు మరవలేదు. బండి యాడన్నా ఆగిపోవల్లని నేనే దింపి ఇంట్లో తలుపు వెనకాల పెట్టినా."