దూలమెక్కిన నాన్న

“నాన్నా, నాకీ బీమ్ వద్దు!”

వ్యాయామశాల బెంచీ మీద కూర్చుని ఫోన్లో ఎవరికో పాలసీ అంటగడుతున్న తండ్రికి చివర్లో ఒక దీర్ఘం అదనంగా వినిపించింది.

“బీమా వద్దా? ఇంట్లో మనిషివే అలా అంటే బయటివాళ్లేం కడతారు తల్లీ!”

“బీమా కాదు నాన్నా, బీమ్! అదిగో!”

జిమ్నాస్టిక్స్ పిల్లలు నడిచి, గెంతే నాలుగడుగుల ఎత్తు, నాలుగంగుళాల వెడల్పు దూలం. పోయిన నెల దాని మీంచి పడ్డప్పటి నుంచి, అందరూ పిట్ట అని పిలిచే ఆ తొమ్మిదేళ్ల పిల్ల ఎగరడం మాట అటుంచి ఎక్కడమే మానేసింది.

“పోటీ ఫారాలు ఐదింటికి పంపేయాలండీ. ఇంకో పావుగంటే ఉంది,” అంది కోచ్ మేడమ్. “ఉంటుందో మానేస్తుందో తేల్చండి. నన్నడిగితే, భయమే అడ్డు నిలబడింది. అది తప్పుకుంటే ఇష్టం దాని వెనకాలే ఉంటుంది.”

“ఉండకేం, వెనకాలే ఉంటుంది!” అన్నాడు తండ్రి. “ఇంత చిన్న దూలానికి అంత దూరం జరగడమేంటే?”

“అయితే నువ్వెక్కు.”

పిల్లలంతా ఇటు తిరిగారు. ఇక తప్పదు. బూట్లు విప్పి, స్టూలేసుకుని, బొజ్జను ముందు పంపి తను వెనకాల ఎక్కాడు. రెండడుగులు దర్జాగా వేశాడు. మూడో అడుగులో కిందికి చూశాడు. రోజంతా జనానికి ఏకరువు పెట్టే ప్రమాదాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. దూలమెక్కినందుకు దూల తీరింది.

“దూకేయండి, కింద పరుపుందిగా,” అంది మేడమ్.

“దూకలేనండీ.”

“పోనీ కూర్చోండి.”

“కూర్చోలేను.”

“ఇటు చెయ్యివ్వండి.”

“మాట్లాడించకండి మేడమ్, ఊగుతున్నాను!”

పిల్లలు కిసుక్కుమన్నారు. పిట్ట నవ్వలేదు. అరచేతులకు సుద్దపొడి రాసుకుంది. దూలం మీద చేతులానించి ఒక్క ఉదుటున పైకి లేచి, తండ్రికెదురుగా నిలబడింది.

“కిందికి కాదు నాన్నా, నా ముక్కు చూడు.”

“చూస్తున్నా.”

“ఎడమ కాలు ముందుకి.”

“వేశా.”

“అది కుడి కాలు నాన్నా.”

“ఏదో ఒకటి పడిందిగా, సంతోషించు!”

తండ్రి వేళ్లు పట్టుకుని తను వెనక్కి నడుస్తూ, అంగుళం అంగుళం చొప్పున ఆయన్ని చివరిదాకా తెచ్చి, కూర్చోబెట్టి, పరుపు మీదకి జార్చింది. అంతదూరం వెనక్కి నడిచినా ఒక్కసారి కూడా కాలు తడబడలేదు.

“చూశారా, భయం పోయింది!” మేడమ్ ఫారం, పెన్నూ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

తండ్రి పెన్ను అందుకుని మూత తీశాడు. “పెట్టేయనా సంతకం, బంగారం?”

పిట్ట ఇంకా పైనే ఉంది. ఈ చివర నుంచి ఆ చివరిదాకా దూలాన్ని తీరిగ్గా చూసింది. మునివేళ్ల మీద ఒక చుట్టు తిరిగింది. తర్వాత రెండు కాళ్లూ జోడించి చక్కగా దూకి, తండ్రి చేతిలోని పెన్నుకు మూత పెట్టింది.

“భయం నిజంగానే పోయింది నాన్నా. దాని వెనకాల ఇష్టం ఉంటుందన్నారుగా... ఇప్పుడే చూశాను, లేదు.”